ఐర్లండు పల్లెలలో సంగీతగోష్ఠులు

దేశాటనము చేయువారు కోటలను, గుడిగోపురములను, సముద్రతీరములను చూచి వత్తురు. ఆ దేశపు జనులు సాయంకాలమున పని ముగించుకొని ఏమి పాడుకొందురో విని వచ్చువారు మాత్రము కొద్దిమంది. నేడు చదువులకును ఉద్యోగములకును ఐర్లండునకు పోయిన మన బిడ్డలు కలరు. వారిని చూడబోవు తల్లులును కలరు. అట్టివారికి ఉపకరించునని, మేము ఆ దీవి పడమటితీరమున, క్లేరు కౌంటీలో కొన్నిదినములు తిరిగి తెలిసికొన్న సంగతులను వ్రాయుచున్నాము.

అచ్చటివారు 'సెషను' అని పిలుచునది కచ్చేరి కాదు. దానికి వేదిక లేదు, టిక్కెట్టు లేదు. ఒక గదిమూలను బల్లచుట్టు ఐదారుగురు కూర్చుందురు. వారి ముఖములు వినువారివైపు గాక, ఒకరివైపొకరికి తిరిగియుండును. ఒకరు ఒక వరుసను ఎత్తుకొందురు. అది వచ్చినవారు కలిసికొందురు, రానివారు చేతులు కట్టుకొని విందురు. ఎదుట కాగితముండదు, అంతయు కంఠస్థమే. సాధారణముగ ఒక్కొక్క వరుసకు రెండుభాగములుండును. ఒక్కొక్క భాగమును రెండుసారులు వాయించి, ఆ మొత్తమును రెండు మూడు తడవలు తిప్పి, ఆగకయే మఱియొక వరుసలోనికి దాటుదురు. 'రీలు' అనునది మన చతురశ్రగతిని, 'జిగ్గు' అనునది తిశ్రగతిని పోలియుండుటచే, తాళజ్ఞానముగల మన స్త్రీలకు కొలదిసేపటిలోనే వాని నడక పట్టుబడును.

వాద్యములలో ఫిడేలు ముఖ్యమైనది. కొయ్యతో చేసిన అడ్డపిల్లనగ్రోవిని చూచినప్పుడు మాకు మన వేణువే జ్ఞాపకమునకు వచ్చెను. మోచేతిక్రింద తిత్తినొత్తి గాలి నింపెడు 'ఇలియన్ పైపులు' అను వాద్యము ఆ దేశమునకు ప్రత్యేకము. దానిని వాయించు విద్యను ఐక్యరాజ్యసమితివారి యునెస్కో 2017వ సంవత్సరమున మానవజాతి వారసత్వసంపదల పట్టికలో చేర్చినది. ఇవిగాక తోలుతిత్తిగల చిన్నపెట్టెవంటి కాన్సర్టీనాయు, మేకతోలు బిగించిన బౌరాన్ అను డప్పును కలవు.

ఇన్ని గుణములుగల ఈ గోష్ఠి జరుగు తావు పబ్బు, అనగా పానశాల. ఆ మాట వినగనే మనవారి అడుగు గడపవద్దనే ఆగును. మేమును మొదటిదినమున వీధిలో నిలువబడి, కిటికీగుండా వచ్చు ఫిడేలునాదమును వినుచు, లోనికి పోవుటయా మానుటయా యని తర్కించుకొంటిమి. ఈ సంగీతము పానశాలకు చేరిన చరిత్రను తెలిసికొన్న పిమ్మట మా సంకోచము చాలవఱకు తగ్గెను.

ఇది పుట్టిన చోటు పానశాల కాదు, వంటయిల్లు. పల్లెటూళ్లలో రాత్రివేళ ఇరుగుపొరుగువారు ఒక ఇంటి పొయ్యిచెంత చేరి, వాయించుకొనుచు నాట్యమాడుచుండెడివారు. క్లేరు సీమలో కాన్సర్టీనా ఆడువారి వాద్యముగనే పేరొందినది. 1935వ సంవత్సరమున అచ్చటి ప్రభుత్వము బహిరంగ నాట్యశాలలకు అనుమతిపత్రము కావలయునని చట్టము చేసెను. చట్టము ఇండ్లను ఉద్దేశించినది కాకపోయినను, మతగురువులును పోలీసులును దానిని చూపి ఇండ్లలోని వేడుకలనుగూడ అనేకచోట్ల మాన్పించిరి. పిదప రెండవ ప్రపంచయుద్ధానంతరమున పొట్టకూటికై లండను నగరము చేరిన ఐర్లండు కూలీలు, ఇఱుకుగదులలో వాయించుకొన వీలులేక, కామ్డెన్ టౌను మొదలగు పేటలలోని పబ్బులలో కూడుకొనసాగిరి. ఆ అలవాటే క్రమముగ స్వదేశమునందును వ్యాపించెను. 1951వ సంవత్సరమున మల్లింగారు పట్టణమున ఈ సంగీతరక్షణకై 'కోల్టస్' అను సంఘము ఏర్పడెను.

ఇందు స్త్రీలకు కలిగిన నష్టమును గమనింపవలయును. వంటయింటిలో వాయించిన చేతులకు పానశాలలో చోటు లేకపోయెను. చాలచోట్ల ఆడువారిని రానీయకుండిరి. రానిచ్చినచోట తడికవంటి అడ్డుగోడచాటున చిన్నగదిలో కూర్చుండబెట్టిరి. అట్టి దినములలోను కిల్‌రష్ పట్టణమున ఎలిజబెత్ క్రాటీ అను ఇల్లాలు తన పబ్బులోనే కూర్చుండి కాన్సర్టీనా వాయించుచుండెను. 1885లో జన్మించిన ఈమె వాద్యమును 1950 దశకమున రేడియోవారు వచ్చి పట్టుకొని దేశమంతటికి వినిపించిరి. 1960లో ఆమె గతించెను. స్త్రీయను కారణమున పబ్బులో సేవ నిరాకరించుట 2000 సంవత్సరపు చట్టముచే నిషిద్ధమైనది. మేము చూచిన గోష్ఠులలో బల్లచుట్టు కూర్చున్నవారిలో సగముమంది స్త్రీలే.

ఇక వెళ్లగోరువారికి కొన్ని సూచనలు. క్లేరులో ఎన్నిస్, డూలిన్, మిల్‌టౌన్ మాల్బే అను ఊళ్లు ఇందుకు ప్రసిద్ధములు. మిల్‌టౌన్ మాల్బేలో విల్లీ క్లాన్సీ అను పైపువాద్యకుని పేర 1973 మొదలుకొని ప్రతి జూలైలో ఒక వారము సంగీతపాఠశాల జరుగును. అప్పుడు ఊరంతయు వాద్యధ్వనియే. తక్కిన దినములలో వాద్యములమ్ము దుకాణమున అడుగుట మేలు. ఏ రాత్రి ఎక్కడ, పొరుగువారు వచ్చి కలియదగిన గోష్ఠియా, జీతమిచ్చి పిలిపించిన వాద్యకులదా యను భేదమునుగూడ వారు చెప్పుదురు. రాత్రి తొమ్మిదిన్నర ప్రాంతమున మొదలగునవి ఎక్కువ. ఆదివారము మధ్యాహ్నపు గోష్ఠులు కుటుంబములకు అనుకూలములు. 2004వ సంవత్సరమునుండి పనిచోట్ల పొగత్రాగుట నిషేధింపబడినందున లోపల చుట్టకంపు లేదు. మద్యము పుచ్చుకొనవలయునను నిర్బంధమును లేదు. మేము ప్రతిచోట తేనీరే అడిగితిమి, ఎవరును వింతగ చూడలేదు.

వాద్యకుల బల్లయొద్ద ఖాళీపీట కనబడినను అడుగక కూర్చుండరాదు. అది రానున్న ఏ పెద్ద వాద్యకునిదో కావచ్చును. మీకు ఫిడేలో వేణువో వచ్చినచో మొదట రెండు మూడు వరుసలు విని, పిదప అనుమతి కోరుడు. తెలిసిన వరుస వచ్చినప్పుడే కలియుడు. బౌరాన్ ఒక్కటి మ్రోగుచుండగా రెండవది తీయుట మర్యాద కాదు. ఎవరైన పాట నెత్తుకొన్నప్పుడు గ్లాసుల చప్పుడుసయితము ఆగవలయును.

పాట విషయమున మాకొక అనుభవము కలిగెను. ఒక పల్లెలో ఫిడేలు వాయించుచున్న నడివయస్కురాలు మావైపు తిరిగి, "మీ దేశపు పాట యొకటి వినిపింపరా?" యని అడిగెను. మాలో పెద్దయైన మా అత్తగారు క్షణముసేపు తలవంచుకొని, తమ అమ్మమ్మ రోటివద్ద పాడిన సువ్విపాట నెత్తుకొనిరి. శ్రుతి లేదు, తాళము లేదు. గదియంతయు నిశ్శబ్దమయ్యెను. ప్రక్కనున్న ముసలియామె మెల్లగ అత్తగారి చేతిని పట్టుకొని, పాట నడకననుసరించి ఊపసాగెను. అచ్చట ప్రాచీనరీతిని పాడువారిచేతిని అట్లు పట్టుకొనుట ఆదరసూచకమట. పాట ముగియగనే ఆమె అర్థమడిగెను. వడ్లు దంచుకొనునప్పుడు పాడుకొందుమని చెప్పగా, తమకును పనిపాటలు కలవని నవ్వెను.

ఆ దేశమునకును మన సీమకును ఇట్టి సంబంధము నేటిది కాదు. రాస్‌కామన్ కౌంటీలోని బాయిల్ పట్టణమున 1878లో పుట్టి, సంగీతమున పట్టముపొందిన మార్గరెట్ కజిన్సుగారు మన మదనపల్లెలో నివసించిరి. 1919లో రవీంద్రనాథ ఠాకూరు అచ్చటికి వచ్చినప్పుడు 'జనగణమన' గీతమునకు స్వరలిపి వ్రాయుటలో తోడ్పడిన విదుషి ఆమెయే. 1927లో అఖిల భారత మహిళాసభను నెలకొల్పినవారిలోను ఆమె ముఖ్యురాలు.

విదేశములకు పోవునప్పుడు మనము ఆవకాయ జాడీని, పసుపుకుంకుమలను మఱువము. వానితోపాటు అమ్మమ్మల నడిగి ఒక దంపుళ్లపాటనో లాలిపాటనో నేర్చుకొని పోవుట మంచిది. అది పాడెడు ముసలమ్మలు ప్రతియింటను ఎల్లకాలము ఉండరు. పెట్టెలు సర్దుకొనుటకు ముందే వారిచెంత కూర్చుండి నేర్చుకొనవలయునని మా మనవి.