నయాగరా మెట్లు, ఆస్పత్రి బిల్లు

అమెరికాలో కొడుకో కూతురో ఉన్న తల్లిదండ్రులు నయాగరా చూడకుండా తిరిగి రారు. న్యూజెర్సీ నుంచి కారులో ఏడెనిమిది గంటలు. మీ అబ్బాయి తెల్లవారుజామునే లేపి, పులిహోర పొట్లాలతో సహా కారెక్కిస్తాడు. అక్కడ గోట్ ఐలాండ్ అనే లంక ఉంది. లిఫ్టులో కిందికి దించి, పల్చటి రెయిన్ కోటు తొడిగి, చెక్కమెట్ల మీదికి వదులుతారు. ఆ మెట్లెక్కి పై బల్ల మీద నుంచుంటే, జలపాతం ఇరవై అడుగుల దూరంలో, నెత్తిన పడుతున్నట్టే ఉంటుంది. మహాద్భుతం! కాని ఆ మెట్లు ఎప్పుడూ తడిగానే ఉంటాయి.

అరవై దాటాక, అందులోనూ ముట్లుడిగిన స్త్రీలకు, ఎముకలు గుల్లబారతాయి. కాలు జారితే తుంటి విరగవచ్చు. విరిగిన తుంటికి కట్టు కట్టుకుని హైదరాబాదు దాకా రావడం కుదిరే పని కాదు. సాధారణంగా ఒకటి రెండు రోజుల్లోనే ఆపరేషన్ చెయ్యాలి, అదీ అక్కడే.

"ఏ ప్రభుత్వ ఆస్పత్రికో వెళితే సరి" అంటారా? మన ఉస్మానియా, కింగ్ జార్జి లాంటి ఉచిత వైద్యం అక్కడ మీకు దొరకదు. ఎమర్జెన్సీకి వచ్చిన రోగిని డబ్బు లేదని వెనక్కి పంపకూడదని 1986లో చట్టం చేశారు, నిజమే. కాని ఆ చట్టం బిల్లు వెయ్యొద్దనలేదు. అంబులెన్సుకి ఒకటి, ఆస్పత్రికి ఒకటి, సర్జనుకి ఒకటి, మత్తు ఇచ్చిన డాక్టరుకి ఒకటి, బిల్లులు విడివిడిగా వస్తాయి. ఆపరేషన్ దాకా పోతే మొత్తం పదుల వేల డాలర్లు. అబ్బాయి కంపెనీ ఇన్సూరెన్సు భార్యాపిల్లలకు వర్తిస్తుంది గాని, సాధారణంగా తల్లిదండ్రులకు రాదు. మెడికేర్ విజిటర్లకు లేదు.

యూరప్‌లో షెంజెన్ దేశాలకు వెళ్ళాలంటే కనీసం 30,000 యూరోల వైద్య బీమా చూపిస్తేగాని వీసా ఇవ్వరు. అమెరికా విజిటర్ వీసాకి ఆ కాగితం అడగరు. అడగలేదు గనుకనే మనవాళ్ళు చాలామంది కొనరు!

కొనేవారు కూడా ప్రీమియం ఒక్కటే చూస్తారు. చౌక పాలసీల్లో కొన్ని, బిల్లు ఎంతయినా సరే, గది అద్దెకి ఇంత, ఆపరేషన్‌కి ఇంత అని ముందే రాసుకున్న మొత్తమే ఇస్తాయి. మిగతాది మీ అబ్బాయి నెత్తిన పడుతుంది. బిల్లులో ఇంత శాతం చెల్లిస్తామనే పాలసీ ఖరీదెక్కువైనా, నన్నడిగితే అదే మేలు.

ఇక మీ బీపీ, షుగరు సంగతి. మెట్ల మీద జారిపడితే అది ప్రమాదం, పేచీ తక్కువ. అదే మెట్ల మీద గుండెనొప్పి వస్తే, "ఇది పాత జబ్బు" అని కంపెనీ తప్పుకోవచ్చు. పాత జబ్బు హఠాత్తుగా ముదిరితే చెల్లిస్తామనే పాలసీలున్నాయి. వాటిలో వయసు పరిమితి, డబ్బు పరిమితి రెండూ చూసుకోండి. దరఖాస్తులో మాత్రం బీపీ దాచొద్దు. ఆస్పత్రిలో మీరు చెప్పిన మాట కేసుషీటుకెక్కుతుంది, క్లెయిమ్ కొట్టేస్తారు. మామూలు చెకప్పులకు, రోజూ వేసుకునే మాత్రలకు ఏ పాలసీ అయినా సాధారణంగా పైసా ఇవ్వదు. కాబట్టి మందులు, అసలు పేర్లతో రాసిన చీటీ ఇక్కణ్ణుంచే తీసుకెళ్ళండి.

జలుబూ జ్వరానికి ఎమర్జెన్సీకి పోకండి. ‘అర్జెంట్ కేర్’ అనే చిన్న క్లినిక్కులుంటాయి, ఖర్చు చాలా తక్కువ. గుండెనొప్పి, మూతి వంకరపోవడం, మాట తడబడడం అయితే మాత్రం లెక్కలు మాని 911కి ఫోన్ చెయ్యండి. పాలసీ కార్డు జేబులో ఉండాలి, ఇంట్లో సూట్‌కేసులో కాదు.

అన్నట్టు, నయాగరాలో రెయిన్‌బో వంతెన దాటితే కెనడా. వీసా ఉందని దాటేస్తారేమో, మీ పాలసీ కూడా దాటుతుందో లేదో ముందు చూడండి. అక్కడి ప్రభుత్వ వైద్యం అక్కడి నివాసులకే. పాలసీలో కెనడా లేకపోతే ఇవతలే ఉండిపోండి. గోట్ ఐలాండ్ చివర టెర్రపిన్ పాయింట్ దగ్గర కమ్మీ పట్టుకుని నుంచుంటే, గుర్రపు నాడా జలపాతం మీ పక్కనుంచే దూకుతుంది.