ఇంటి చదువుకు తగిన పుస్తకం

నోయిడా 62వ సెక్టారులో జాతీయ సార్వత్రిక విద్యా సంస్థ ఉన్నది. 1979లో సి.బి.ఎస్.ఇ. ప్రయోగాత్మకంగా ఆరంభించిన ఓపెన్ స్కూలు 1989లో స్వతంత్ర సంస్థయై, 2002లో ఈ పేరు పొందినది. దానితో మాకు పని పడినది మా చిన్నవాని మూలంగా.

వానికి పదమూడేళ్లు. విన్న కథను పొల్లుపోకుండా చెప్పగలడు. చదవమంటే ఒక పేరాకే అలసిపోతాడు. ఇటువంటి అభ్యసన వైకల్యాన్ని 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం గుర్తించినది. గుర్తింపు వేరు, తరగతిలో నెగ్గుకురావడం వేరు. వాడు బడికి వెళ్లనని భీష్మించిన నాడు ఇంటి చదువే శరణ్యమైనది.

అంగడిలో రంగురంగుల వర్కుబుక్కులకు కొదవ లేదు. కొన్ని తెచ్చి, సార్వత్రిక సంస్థ పాఠంతో పాటు, ఒక్కొక్క పుట వాని చేత చేయించాము. మార్కులు కాదు, చేసిన తప్పును తానే పట్టుకోగలిగాడా అన్నదే మా కొలబద్ద. (యంత్రాలతో కాపురం చేసినవారి అలవాటు!) పుటకు ఇరవై ప్రశ్నలున్న పుస్తకం మొదటనే వీగిపోయినది. సార్వత్రిక సంస్థ పాఠంలో నడుమ నడుమ కొద్ది ప్రశ్నలు, చివర వాటి జవాబులు ఉంటాయి, అదే నిలిచినది. పైగా పద్నాలుగేళ్లు నిండితే పదవ తరగతికి చేరవచ్చును. ఐదేళ్లలో తొమ్మిది అవకాశాలు. నెగ్గిన విషయం మళ్లీ వ్రాయనక్కరలేదు.

అయితే ఏ పుస్తకమూ తనంత తాను చదువు చెప్పదు. పాఠం మేము చదివి వినిపిస్తాము, జవాబు వాడు వ్రాస్తాడు. గణితం ఐదవ తరగతి భిన్నాల నుండి మొదలుపెట్టాము. బంధువులు నొసలు చిట్లించారు. వయస్సు నిండగానే మొదటి విడతలో తెలుగు, చిత్రలేఖనం మాత్రమే వ్రాయించదలచాము. గణితం ఎప్పుడన్నది ఆ భిన్నాలే తేల్చాలి.