గురువును మార్చిన శిష్యుడు

పిల్లలూ! "డ్రాగన్ బాల్ జీ" అనే జపాను బొమ్మల కథ మీలో చాలామంది చూసే ఉంటారు. అకిరా తోరియామా రాసి, బొమ్మలు గీసిన కథ అది. అక్కడి టెలివిజనులో 1989 నుంచి 1996 దాకా 291 భాగాలుగా వచ్చింది.

మా మనవడు దాన్ని ఇంగ్లీషులో చూస్తూంటే నేనూ పక్కన కూర్చుంటాను. వాడి కన్ను కొట్లాటల మీద, నా కన్ను పిక్కొలో మీద. అతనూ నాలాగే పంతులు మరి!

పిక్కొలో మొదట దుర్మార్గుడు. గోకూను చంపాలని అతని పంతం. అయితే గోకూ చనిపోయాక, రాబోయే శత్రువులను ఎదిరించటానికి పనికివస్తాడని అతని కొడుకు గోహాన్‌ను ఎత్తుకుపోయాడు. గోహాన్ నాలుగేళ్లవాడు, ఏడుపుగొట్టు. పెద్దయ్యాక పండితుడు కావాలని వాడి కోరిక. పిక్కొలో వాణ్ణి ఆరు నెలలు మనుషులు లేని చోట ఒంటరిగా వదిలి, ఆ తరవాత తానే యుద్ధవిద్య నేర్పాడు. ఏడాది తిరిగేసరికి శత్రువులు రానే వచ్చారు. నాప్పా అనేవాడు గోహాన్‌ను చంపబోతే, పిక్కొలో అడ్డం నిలిచి తన ప్రాణం వదిలాడు!

అంత కఠినుడు ఎలా మారాడు? తనతో సరిగా మాట్లాడినవాడు గోహాన్ ఒక్కడేనని చనిపోతూ అతనే చెబుతాడు. జపాను భాషలో గోహాన్ అతన్ని "పిక్కొలో సాన్" అని పిలుస్తాడు. "సాన్" అంటే మన "గారు" వంటిది. తనను ఎత్తుకుపోయినవాణ్ణే "గారు" అన్నాడన్నమాట! ముప్పై ఏళ్లకు పైగా పాఠాలు చెప్పినవాణ్ణి; ఆ పిలుపు ఎంతటి పంతులునైనా మెత్తబరుస్తుందని నాకు తెలుసు. ఇంగ్లీషులో ఆ "సాన్" అలాగే మిగలలేదు.

అమెరికాలో 1996లో మొదలైన డబ్బింగులో మరో చిత్రం జరిగింది. పిల్లలు చూసేది గదా అని "చావు" మాటను తప్పించి, చనిపోయినవారు వేరే లోకానికి వెళ్లినట్టు చెప్పించారు. చావే లేకపోతే ఇక త్యాగం ఎక్కడిది? 2005లో ఆ భాగాలకు కోతలు లేకుండా మళ్లీ డబ్బింగు చేశారు.

డబ్బింగు సులువైన పని కాదు. బొమ్మ పెదవి కదిలినంతసేపట్లోనే మాట ఇమడాలి, అర్థం చెడకూడదు. ఈసారి ఆ ఘట్టం వచ్చినప్పుడు గోహాన్ మాటలు మీరే తెలుగులో చెప్పి చూడండి. "పిక్కొలో" అంటారా, "పిక్కొలోగారూ" అంటారా? నన్నడిగితే, "మాస్టారూ" అంటే సరిపోతుంది!