చీపుర్లు పండే ఊరు

మనింట్లో తలుపు మూలన ఉండే కొండచీపురు ఎక్కడ పుడుతుందో ఎప్పుడైనా ఆలోచించారా? మన అరకు, పాడేరు కొండల్లోనూ దొరుకుతుందనుకోండి. కానీ కోసిన చీపురు గడ్డిని దారి పొడవునా ఎండబెట్టడం నేను మేఘాలయలోనే చూశాను. అదీ, చీపురుకి ఎంతో మర్యాద ఉన్న ఊరికి వెళుతూ!

మావారి ఎల్.టి.సి. పుణ్యమా అని ఫిబ్రవరిలో షిల్లాంగ్ వెళ్ళాం. అక్కడికి సుమారు 80 కిలోమీటర్ల దూరంలో, బంగ్లాదేశ్ సరిహద్దు దగ్గర ఉంది మావ్లిన్నాంగ్. 2003లో 'డిస్కవర్ ఇండియా' పత్రిక దీన్ని ఆసియాలోకెల్లా శుభ్రమైన గ్రామం అని రాసింది. "ఊరు చూడ్డానికి ఇంత దూరమా?" అని మావారి సణుగుడు. ఊళ్ళో అడుగు పెట్టాక ఆయనే నోరెత్తలేదు!

నూరు గడపలైనా లేని చిన్న ఊరు. ప్రతి ఇంటి ముందూ పూలమొక్కలే. దారి పక్కన అక్కడక్కడా వెదురుతో అల్లిన గరాటులాంటి బుట్టలు. చెత్త, రాలిన ఆకులు అందులోనే వేయాలి. కుళ్ళేదంతా గోతిలో వేసి ఎరువు చేస్తారు. ఆ ఎరువే మళ్ళీ మొక్కలకి. పిల్లలు కూడా చీపురు పట్టి దారులు ఊడుస్తారు. ఈ ఊరివాళ్ళకి జీవనాధారం వక్క, చీపురు గడ్డి పంటలు, ఇప్పుడు యాత్రికులూను.

ఇక్కడివాళ్ళు ఖాసీలు. వీళ్ళలో పిల్లలకి తల్లి ఇంటిపేరే వస్తుంది. పెద్దల ఆస్తి ఆఖరి కూతురికి చెందుతుంది. వినగానే నాకు భలే ముచ్చటేసింది. మేం టీ తాగిన ఇంటావిడకి డ్రైవరు చేత ఆ మాటే చెప్పించాను. ఆవిడ నవ్వి, "ఇల్లు మాదే, ఇంటి చాకిరీ కూడా మాదే" అంది. ఊరి పెద్దరికం మాత్రం ఆచారం ప్రకారం మగవాళ్ళదేనట! ఎక్కడైనా మన కథ ఒకటే కదా అనిపించింది.

"పేరొచ్చాక డబ్బొచ్చింది, దాంతోపాటు చెత్తా వచ్చింది. వచ్చినవాళ్ళు పడేసింది మేమే ఎత్తాలి" అని కూడా అంది. నా చేతిలో ఖాళీ బిస్కెట్ కాగితం ఉంది. గబుక్కున సంచిలో దాచేశాను.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. మా వీధి చివర ఖాళీ స్థలం ఒకటుంది. చీకటి పడ్డాక అందరూ కవర్లు విసిరేది అక్కడే. మునిసిపాలిటీ వాళ్ళని తిట్టుకుంటూ నేనూ విసిరినదాన్నే! ఇల్లు అద్దంలా ఉంచుకుంటానని పేరున్న నేను, గుమ్మం దాటితే అది నాది కాదనుకున్నాను.

తిరిగొచ్చాక ఎదురింటి వదినగారికి చెప్పాను. ఇద్దరం మా పెరట్లో మూరెడు లోతు గొయ్యి తీయించి, కూరల తొక్కులు వేసి పైన మట్టి కప్పుతున్నాం. ఖాళీ స్థలం అంచున బంతి, గన్నేరు నాటాం. మొదటి వారం మొక్కల మీదే ఎవరో కవరు విసిరారు. ఏడుపొచ్చింది. వదినగారు మాత్రం కొంగు దోపుకుని, "తీసేద్దాం రండి" అన్నారు.

ఇప్పుడు బంతి మొగ్గ తొడిగింది. కవర్లు తగ్గాయి, మానలేదు. చీపురు మాత్రం ఇద్దరి చేతుల్లోనూ ఉంది.