మీరేంటోళ్లు?

2018లో కాలిఫోర్నియాలోని కూపర్టినోలో అద్దెకుండేవాళ్లం. దాదాపు మూతపడ్డ వాల్కో మాల్ స్థలంలో 2,402 ఇళ్లు కడతామని ఒక బిల్డరు సిటీకి ప్రతిపాదన పెట్టాడు. అందులో సగం, అంటే 1,201, తక్కువ ఆదాయం వాళ్లకి తగ్గించిన ధరకి ఇవ్వాల్సినవి.

కౌన్సిల్ సమావేశాల్లో వాదనలు. ట్రాఫిక్ పెరుగుతుందన్నారు, బడులు నిండిపోతాయన్నారు. తెలుగు స్నేహితురాలొకామె అభ్యంతర పత్రం తెచ్చింది. "మంచి స్కూళ్ల కోసమే కదా ఇంత అద్దె కడుతున్నాం!" అంది. స్త్రీల కథల్లో ఇంటి గురించి థీసిస్ రాసిన నేను సంతకం పెట్టేశాను.

మర్నాడు మా పాపని చూసుకునే ఆమె ఆలస్యంగా వచ్చింది. గిల్‌రాయ్‌లో తెల్లవారకముందే బయల్దేరిందట. దారంతా ట్రాఫిక్ అంది. సిగ్గేసింది. మేం వద్దన్న ఇళ్లు ఆమెలాంటి వాళ్లవే.

పిహెచ్‌డి రోజుల్లో హైదరాబాదులో గది కోసం తిరిగితే ఇంటావిడలు ముందు "మీరేంటోళ్లమ్మా?" అనేవారు. తర్వాత "ఒక్కదానివేనా?" అనేవారు. జవాబు విన్నాక గది ఖాళీ ఉండేది కాదు. కూపర్టినోలో ఆ ప్రశ్న ఎవరూ నోటితో అడగలేదు. అడగకుండానే నేను సంతకం చేశాను.

నిబంధనలకు సరిపోయే ఇలాంటి ప్రతిపాదనని కౌన్సిల్ ఓటుతో పనిలేకుండా ఆమోదించాలని 2017 నాటి రాష్ట్ర చట్టం. ఆ సెప్టెంబరులో అనుమతి వచ్చింది. బిల్డరేమీ పుణ్యాత్ముడు కాదు. 2024లో మార్చిన ప్లానులో మొత్తం ఇళ్లు పెరిగి, ఆ 1,201 మాత్రం 890 అయ్యాయి.

ఈసారి సంతకానికి నా దగ్గరకి ఏ కాగితమూ రాలేదు.