తాయెత్తూ, విటమిన్ మాత్రా

రొమ్ములో గడ్డ చేతికి తగిలిన రాత్రి నాకు నిద్రలేదు. పరీక్షలు చేసి, క్యాన్సర్ కాదన్నారు. నొప్పికి డాక్టరు విటమిన్ ఇ మాత్రలు రాశారు. అమ్మ తాయెత్తు తెచ్చింది. ఏడుస్తుంటే కాదనలేక కట్టించుకున్నాను. రెండు నెలల్లో నొప్పి తగ్గింది.

"తాయెత్తు మహిమే" అంది అమ్మ. "మాత్రల వల్లేనమ్మా" అని నవ్వాను.

తర్వాత తెలిసింది. 1985లో అమెరికాలో 128 మంది స్త్రీలపై జరిపిన పరిశోధనలో, రోజుకి 600 యూనిట్ల విటమిన్ ఇ కూడా ఉత్తుత్తి మాత్రకంటే మెరుగని తేలలేదు. నెలసరితో వచ్చిపోయే ఈ నొప్పి చాలామందికి దానంతటదే తగ్గిపోతుంది కూడా.

హేతువాదినని చెప్పుకునే నేనూ అమ్మ చేసిన తప్పే చేశాను: ముందు మింగాను, తర్వాత తగ్గింది, కాబట్టి దానివల్లే! నాకు నిజంగా ధైర్యమిచ్చింది ఆ పరీక్షలే. గడ్డ తగిలితే ముందు అవి చేయించుకోండి.

అమ్మకి ఇంకా క్షమాపణ చెప్పలేదు.