మాయమింగి ఏం తింటుంది?

పెద్ద రాక్షసుణ్ణి తయారుచేయమంటే పిల్లలు ముందు కొమ్ములు గీస్తారు, తర్వాత కోరలు, ఆ తర్వాత పది తలలు. ఎన్ని గీసినా అది బొమ్మే. అది ఏం తింటుందో తేలాకే దానికి ప్రాణం వస్తుంది. మా ఆశ్రమ పాఠశాలలో ఆదివారాలు కథల ఆట ఆడిస్తూ మేము తెలుసుకున్న సంగతి ఇది.

ఈ ఆట మన దగ్గర పుట్టింది కాదు. 1974లో అమెరికాలో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనే ఇద్దరు ‘డంజియన్స్ అండ్ డ్రాగన్స్’ పేరుతో తెచ్చారు. ఒకరు కథ నడుపుతారు. మిగతావాళ్లు ఒక్కొక్కరు ఒక్కో పాత్రగా మారి ‘నేనిప్పుడు ఇలా చేస్తాను’ అంటారు. అది నెగ్గిందో లేదో ఇరవై ముఖాల పాచిక తేలుస్తుంది. మా దగ్గర ఆ పాచిక లేదు. ఒకటి నుంచి ఇరవై దాకా అంకెలు వేసిన చింతపిక్కలు డబ్బాలో పోసి, చూడకుండా ఒకటి తీయిస్తాం.

మాయను తినే జంతువు ఆ ఆట పుస్తకాల్లో ఇదివరకే ఉంది. 1981లో వచ్చిన ‘ఫీండ్ ఫోలియో’లో దాని పేరు డిసెన్‌చాంటర్. ఒంటె లాంటి ఒళ్లు, పొడవాటి తొండం. మంత్రశక్తి ఉన్న కత్తినో డాలునో తొండంతో పట్టి ఆ శక్తిని పీల్చేస్తుంది. 1983 నాటి ‘మాన్‌స్టర్ మాన్యువల్ 2’లో టరాస్క్ అనే మహాకాయం ఉంది. దాని పెంకు మంత్రాలను తిప్పికొడుతుంది. ఆ పేరు ఫ్రాన్సులోని టరాస్కాన్ ఊరి పాతకథలోది. కథలో మార్తా అనే పుణ్యస్త్రీ ఆ మృగాన్ని లొంగదీసి ఊళ్లోకి తెస్తే, భయపడిన జనం దాన్ని చంపేశారు.

మొదటిదాని ఆకలి, రెండోదాని ఆకారం కలిపి మేము మాయమింగిని తయారుచేశాం. మొదట అది దున్నపోతంత. ప్రాణబలం 60. దాని ఎదుట ఎవరు మంత్రం వేసినా మింగి 10 బలం పెంచుకుంటుంది, ఒక మనిషి ఎత్తు పెరుగుతుంది. మూడు వంతులు వరసగా ఎవరూ మంత్రం వేయకపోతే 10 తగ్గుతుంది. అది నడిచిన దారిలో తాయెత్తులు పనిచేయవు, మంత్రదీపాలు ఆరిపోతాయి. అడుగుజాడలు మాత్రం మిగులుతాయి.

ఈ లెక్కతో ఆట తలకిందులైంది. అంతవరకు అందరికీ మాంత్రికుడి పాత్రే కావాలి. ఒక పాప మాత్రం తేనె తీసే మనిషి పాత్ర తీసుకుని మూల కూర్చునేది. మంత్రం వేసినకొద్దీ మృగం పెరుగుతుంటే అందరూ ఆమె వైపు తిరిగారు. తాడు కట్టడం, పొగ పెట్టడం, గాలి ఎటు వీస్తోందో చూడడం ఆమెకే తెలుసు.

తర్వాతి ఆదివారం ఇంకో మలుపు వచ్చింది. కథలోని ఊళ్లో తాయెత్తులు పనిచేయడం మానేశాయి. ఆ ఊళ్లో ఆకు పసరు ఇచ్చే ముసలమ్మ ఉంది. ‘ఆమే చిల్లంగి పెట్టింది, కొట్టండి’ అన్నాడొక పిల్లవాడు. ఇద్దరు ముగ్గురు సరే అన్నారు. మేము డబ్బా మూత పెట్టేశాం. చిల్లంగి, చేతబడి, బాణామతి అనే అనుమానంతో మన పల్లెల్లో నిజం మనుషులనే కొట్టి చంపారు. ఆ మాట మనకు ఆటమాట కాదు.

తిట్టలేదు. మృగం రాసి ఉన్న కాగితం చేతికిచ్చి అడిగాం: ఇది ఏం తింటుంది? మంత్రం. పసరు మంత్రమా? కాదు, తెలిసినవాళ్ల తెలివి. మరి మంత్రాలు వేసిందెవరు? పిల్లలు వెనక్కి లెక్కపెట్టారు. ఊరి పొలిమేరలో తామే నాలుగు మంత్రాలు వేశారు. అడుగుజాడలు అక్కడి నుంచే ఊళ్లోకి వచ్చాయి. ముసలమ్మ గుమ్మం వైపు ఒక్కటీ లేదు. అన్నవాడే ‘అయితే మన వెనకే వచ్చింది సార్’ అన్నాడు.

రాక్షసుడికి ఆకలి రాసిపెట్టి ఉంటేనే ఈ విచారణ సాధ్యం. ఏ లెక్కా లేని రాక్షసుడైతే ఎవరి గుమ్మం ముందైనా నిలబెట్టవచ్చు. ఊరి భయం చేసే పని కూడా అదే. అందుకే ఈ ఆట ఆడించే తోటి ఉపాధ్యాయులకు మా మాట: కొమ్ములు గీయకముందే మూడు సంగతులు పిల్లల చేత రాయించండి. అది ఏం తింటుంది? ఏం ముట్టదు? వెళ్లాక ఏం మిగులుస్తుంది?

మా పిల్లలు ఆ కాగితం అడుగున ఇంకో నియమం చేర్చారు: మూడు ఆనవాళ్లు చూపనిదే ఏ మనిషి పేరూ చెప్పకూడదు.